ఐదేళ్లు దాటితే రొమ్ము క్యాన్సర్ ఇక పాకదా?

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదలుకొని బంధువుల గ్రూపుల దాకా ఒక సందేశం తిరుగుతోంది: "తొలి దశలో రొమ్ము క్యాన్సర్ బయటపడి, రొమ్ము మొత్తం తీయించుకుని, ఐదేళ్లు దాటినవారికి అది మరెక్కడికీ పాకదు. ఆపై మాత్రలు దండగ. సూదితో ముక్క తీయించుకున్నవారికే పాకుతుంది." మల్కాజిగిరిలో ఉండే మా పిన్ని ఇది చదివి, డాక్టరు ఇంకా వాడమన్న లెట్రోజోల్ (ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే మందు) మాత్రలను మానేసిందని తెలిశాక రాయకుండా ఉండలేకపోయాను.

తొలి దశ అన్నంత మాత్రాన అందరి ముప్పూ ఒకటి కాదు. పిన్ని ఫైలులోని పాథాలజీ రిపోర్టులో గడ్డ 2.4 సెంటీమీటర్లు, గ్రేడ్ 2 (కణాల తీరు మధ్యస్థ తీవ్రతతో ఉన్నది), చంకలోంచి తీసిన 14 లింఫు గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ కణాలు, ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ ఊతంతో పెరిగే రకం), హెర్ 2 నెగెటివ్ (హెర్ 2 అనే ప్రోటీన్ అతిగా లేని రకం) అని ఉంది. వ్యాధి తర్వాత ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకే అవకాశాన్ని డాక్టర్లు ప్రధానంగా ఈ వివరాలనుబట్టే అంచనా వేస్తారు. చిన్న రక్తనాళాల్లోకి, లింఫు నాళాల్లోకి కణాలు చొరబడ్డాయా అన్నదీ చూస్తారు. వీటిలో చంక గ్రంథుల లెక్కకు బరువు చాలా ఎక్కువ.

ఐదేళ్ల మాటే అన్నిటికంటే ప్రమాదకరం. ఈఆర్ పాజిటివ్ వ్యాధికి ఐదేళ్లు హార్మోన్ చికిత్స (ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లేదా అడ్డుకునే మందులు) పూర్తిచేసి, అప్పటికి ఏ జబ్బూ లేకుండా ఉన్న 62,923 మంది స్త్రీల వివరాలను 88 ట్రయల్స్ (రోగులపై చికిత్సలను పరీక్షించే అధ్యయనాలు) నుంచి సేకరించి 2017లో ప్రచురించారు. ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు లోపల దూర అవయవాలకు పాకే ముప్పు, గడ్డ 2 సెంటీమీటర్లలోపు ఉండి గ్రంథులకు అంటనివారిలో సైతం 13 శాతం. గడ్డ 2 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉండి ఒకటి నుంచి మూడు గ్రంథులకు అంటినవారిలో, అంటే పిన్నిలాంటివారిలో, 26 శాతం. అదే గడ్డతో నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు అంటితే 41 శాతం. వీరిలో చాలామంది పాత రోజుల చికిత్స పొందినవారు కనుక నేడు అంకెలు కొంత తక్కువే ఉండవచ్చు, కానీ ఐదో ఏట ముప్పు ఆగిపోదన్నది స్పష్టం. ట్రిపుల్ నెగెటివ్ రకంలో (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల గ్రాహకాలు లేని, హెర్ 2 అతిగా లేని రకం) మాత్రం ముప్పు ఎక్కువగా తొలి మూడేళ్లలోనే ఉండి, ఐదేళ్ల తర్వాత బాగా తగ్గుతుంది. ఆ రకానికి చెందిన ఊరటను సందేశం అందరికీ అంటగట్టింది.

రొమ్ము మొత్తం తీసేస్తే పాకదన్నదీ తప్పే, ఎందుకంటే దూరానికి పోయే కణాలు ఆపరేషన్‌కు ముందే రక్తంలోకి చేరి ఉండవచ్చు. మిలాన్‌లో 1973లో మొదలైన ట్రయల్‌లో 701 మంది చిన్న గడ్డలవారిని ఇరవై ఏళ్లు గమనించారు. రొమ్ము మొత్తం తీయించుకున్నవారూ, గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ పొందినవారూ సమానంగానే బతికారు. ఇక సూది పరీక్ష దూర అవయవాలకు పాకే ముప్పును పెంచదు. అది లేకుండా ఈఆర్, హెర్ 2 సంగతి ముందుగా తెలియదు, చికిత్సకు ప్రణాళికా ఉండదు.

మాత్రలు దండగ కానే కావు. ఈఆర్ పాజిటివ్ స్త్రీలలో ఐదేళ్ల టామాక్సిఫెన్ (ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే హార్మోన్ చికిత్స మాత్ర) ఆ క్యాన్సర్ వల్ల కలిగే మరణాలను తర్వాతి సంవత్సరాల్లోనూ దాదాపు మూడో వంతు తగ్గించింది. గ్రంథులకు అంటినవారికి చికిత్సను ఐదేళ్లకు మించి పొడిగించడం అందుకే. పిన్నిని నిజంగా వేధిస్తున్నవి కీళ్ల నొప్పులు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోక పాలప్యాకెట్ కత్తిరించలేకపోతోంది. దానికి మందు మార్చే వీలుంది, కొద్దివారాలు విరామమిచ్చి చూసే వీలూ ఉంది, కానీ ఆ నిర్ణయం రిపోర్టు చూసిన డాక్టరు చెయ్యాలి. సోమవారం ఫైలుతో సహా ఆమెను నేనే తీసుకువెళుతున్నాను.