సింగిల్స్ అని తీసిపారేస్తే ఎలా?
అమెరికా బేస్‌బాల్ లీగ్‌లో ఆడిన జపాన్ ఆటగాడు ఇచిరో కొట్టినవాటిలో ఎక్కువ భాగం సింగిల్సే (ఫస్ట్ బేస్ వరకే చేర్చే హిట్లు), హోమ్ రన్లు 117 మాత్రమే, కాబట్టి అతని బ్యాటింగ్ విలువను అభిమానులు పెంచి చెబుతున్నారని ఒక వ్యాసకర్త రాసిన మాట నాకు సగమే ఒప్పుదల. వాక్స్ (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఊరికే దక్కే ఫస్ట్ బేస్) తక్కువ తీసుకునేవాడు, నిజమే. కెరీర్ ఆన్-బేస్ (బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు బేస్ చేరిన నిష్పత్తి) .355 దగ్గరే ఆగింది. కానీ హిట్స్ 3,089, అదీ జపాన్‌లో తొమ్మిది సీజన్లు ఆడి 27 ఏళ్లకు అమెరికా వచ్చాక. నేను సియాటెల్ వచ్చిన కొత్తలో, 2004లో, ఆఫీసువాళ్లు స్టేడియానికి లాక్కెళ్లారు. క్రికెట్ బుర్ర కదా, "సింగిల్‌కి ఇంత గోలేంట్రా" అనుకున్నా. ఇచిరో బ్యాట్ నిలువుగా పిచర్ వైపు చాచి, కుడి భుజం దగ్గర చొక్కా చేతిని ఇలా పైకి లాక్కున్నాడు. షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) వైపు నేలమీద దొర్లే మామూలు బంతి. ఫీల్డర్ తప్పేం చేయలేదు, శుభ్రంగా పట్టి విసిరాడు. బంతి చేరేసరికి ఇచిరో ఫస్ట్ బేస్ దాటేశాడు! ఎడమచేతి బ్యాటర్ కాబట్టి ఫస్ట్ బేస్‌కి దగ్గర, పైగా బ్యాట్ తిప్పుతూనే పరుగందుకునేవాడు. వేరేవాళ్లకు అవుటయ్యే బంతి అతనికి హిట్. ఆ ఏడాది 262 హిట్స్, ఒక సీజన్ హిట్స్‌లో 84 ఏళ్ల నాటి జార్జ్ సిస్లర్ రికార్డు పోయింది. అతని టీమ్ సియాటెల్ మెరినర్స్ మాత్రం 99 మ్యాచ్‌లు ఓడింది, అయినా జనం వచ్చారంటే ఎవరి కోసం? ఆ 509 స్టీల్స్ (హిట్ లేకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ కొట్టేయడం), రైట్ ఫీల్డ్ నుంచి అతని త్రోలు లెక్కలో వేయకుండా విలువ తేల్చడం ఏం న్యాయమండీ. బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి 394 ఓట్లలో 393 పడ్డాయి. ఆ మిగిలిన ఒక్కరూ ఈ వ్యాసకర్తలాగే ఆలోచించారేమో!