నీళ్లు కలిపిన డైటుకు ఒక లేఖ

మహారాజశ్రీ కీటో డైట్ గారి సముఖానికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి మీ మాజీ భక్తుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ. మీరు కుశలమేనని ఫోను తెరిచిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. నా కుశలం ఈ ఉదయం తూకం యంత్రం చెప్పింది: ఒక్క రాత్రిలో కిలోన్నర పెరిగాను.

నిన్న బావమరిది పుట్టినరోజని ఆంధ్రా మెస్సుకు తీసుకెళ్లాడు. అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు తినమనే మీ దీక్షలో ఐదు వారాలుగా ఉన్నాను కనుక అరిటాకులో చేప వేపుడు, రెండు గుడ్లు పెట్టించుకుని అన్నం వద్దన్నాను. కొవ్వుకు మీరు అడ్డు చెప్పరు కదా, నెయ్యి మాత్రం అడిగాను. వడ్డించే అబ్బాయి గరిటెను గాలిలోనే ఆపి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: "అన్నం లేకుండా నెయ్యి ఎక్కడ వేయమంటారు సార్?"

బల్లంతా నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరా లేదు. అన్నం వేయమన్నాను. ముందు కందిపొడి, తర్వాత గోంగూర, చివరికి పెరుగు.

ఎంత తిన్నా, తిన్నది కిలోన్నర కొవ్వయి రాత్రికి రాత్రే పేరుకోదు కదా! అప్పుడు మీ ఖాతాపుస్తకం తిరగేశాను. పిండిపదార్థం రోజుకు 50 గ్రాముల లోపు ఉంచితే, కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఖర్చవుతుంది. అది మొత్తం అర కిలో పైచిలుకు, కానీ ప్రతి గ్రాము తన వెంట సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది పోతే నీరూ పోతుంది, అన్నం తింటే రెండూ తిరిగొస్తాయి. అంటే మొదటి నాలుగు రోజుల్లో తగ్గిన రెండు కిలోల్లో కొవ్వు వాటా చిటికెడు. ఆ రెండు కిలోల గురించి నేను ఆఫీసులో లిఫ్టు మనిషితో సహా అందరికీ చెప్పాను! పాలలో నీళ్లు కలిపేవాళ్లను చూశాం, బరువులో నీళ్లు కలిపిన ఘనత మీదే. పాలవాడైనా కలపలేదని ప్రమాణం చేసేటప్పుడు కళ్లు దించుకుంటాడు. మీరు అదీ చేయలేదు.

కొవ్వు కరిగిస్తారా అంటే, కరిగిస్తారు. ఇన్సులిన్ తగ్గాక కొవ్వు కణాలు తలుపు తీస్తాయి, కాలేయం ఆ కొవ్వుతో కీటోన్లనే ఇంధనం చేసి మెదడుకూ పెడుతుంది. అయితే కరిగేది నా పొట్టా, పొద్దున నేను తాగిన నెయ్యి కాఫీయా? ఆ సంగతి మీరెప్పుడూ చెప్పరు. తిన్నది ఖర్చు కంటే తక్కువైతేనే పొట్ట వంతు వస్తుంది. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని ఏడాది పాటు చూశారు. మీ అంత కఠినంగా కాకపోయినా పిండిపదార్థం తగ్గించి తిన్నవాళ్లు సగటున 6 కిలోలు, తిండిలో కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఆ రెండో వరసలో నిలబడి ఉంటే నాకు ఇడ్లీ దక్కేది.

1921లో మూర్ఛరోగుల చికిత్స కోసం పుట్టినవారు మీరు. ఆ పనికి దండం పెడతాను. క్యాలీఫ్లవర్ తురిమి అన్నం అనమన్నందుకు మాత్రం క్షమించను. ఆ కీటోన్ల వల్ల నోటి నుంచి గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తోందని మా ఆవిడ దూరంగా కూర్చున్న మూడు వారాల లెక్క వేరే ఉంది.

ఒక్కటి ఒప్పుకుంటాను. పదకొండు గంటలకు ఆఫీసు కింద బజ్జీల బండి వైపు లాక్కెళ్లే ఆకలి మీ వల్లే చచ్చింది. బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది, కిలోన్నర తిరిగొచ్చిన ఈ ఉదయం కూడా అక్కడే ఉంది. ఆ రంధ్రం మాత్రం నీళ్లు కాదనుకుంటాను.

వచ్చే ఆదివారం అదే మెస్సుకు వెళ్తున్నాను. ఒక్క గరిటె అన్నం, ఆ అబ్బాయి నెయ్యి వేయడానికి సరిపడా. ఆ గరిటె ఎంతుంటుందో మీకు తెలియకపోవడమే మంచిది.

ఇట్లు,
రెండు కిలోల నీటిని నమ్మినవాడు