మహారాజశ్రీ కుక్కబెల్టు గారికి

మహారాజశ్రీ కుక్కబెల్టు గారి దివ్యసముఖమునకు, నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి ఒక రిటైర్డ్ గురూజీ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా కుక్క సివంగి కూడా క్షేమమే. అందులో మీ చలవ మాత్రం ఏమీ లేదు.

పోయిన నెల ఒక పొద్దున ఆరింటికి వాగు గట్టు మీద మీరు నా చేతిలో ఉన్నారు. బకిల్ పెట్టింది పెట్టినట్టే ఉంది. గొలుసు కొక్కెం తగిలించింది తగిలించినట్టే ఉంది. తోలు మీద ఒక్క కుట్టు కూడా ఊడలేదు. లోపల ఉండాల్సిన కుక్క ఒక్కటే లేదు. పత్తిచేను వారగా కుందేలు కదిలింది. సివంగి రెండడుగులు వెనక్కి వేసి తల వంచింది. పెళ్లికొడుకు భోజనాల ముందు మెడలో దండ తీసి పక్కన పెట్టినంత తాపీగా మిమ్మల్ని తీసి నాకు అప్పగించి వెళ్లిపోయింది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న పాలాయన బ్రేకు వేసి మరీ అడిగాడు: "రాం రాం గురూజీ! కుక్కను ఇంట్ల వెట్టి ఉత్త బెల్టును తిప్పుతున్నరా?"

నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? కానీ ఆ తర్వాత మూడు గంటలు నేను నవ్వలేదు. మా చుట్టుపక్కల అడవిపందుల బాధకు రాత్రిపూట చేల చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లున్నారు. అది నేరమని లాగేవాళ్లకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. పొద్దున్నే తీగ తీయడం మరిచిపోయే రోజులుంటాయనీ తెలుసు. చేను చేనుకూ తిరిగి, గొంతు పోయేలా పిలిచి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికొస్తే సివంగి వాకిట్లో పడుకుని ఉంది. ఇంతసేపు ఎక్కడికి పోయావన్నట్టు నా వంక చూసింది.

అప్పుడు మీ పెట్టె తీసి మళ్లీ చదివాను. "హంటింగ్ డాగ్స్ కోసం ప్రత్యేకం" అని ఉంది. పక్కన బొమ్మలో ఉన్నది జర్మన్ షెపర్డ్. దాని తల గంపంత ఉంది. మీరు ఎవరిని చూసుకుని పుట్టారో నాకు అప్పుడు అర్థమైంది.

సివంగి కారవాన్ జాతిది. మా మరాఠ్వాడా వైపు కారవానీ అంటారు. సన్నటి మూతి, లోపలికి పోయిన కడుపు, వెదురుబద్దల్లాంటి కాళ్లు. వాసన పట్టుకుని నేల నాక్కుంటూ పోయే రకం కాదు, చూపుతో వేటాడే జాగిలం. దూరాన ఏదైనా కదిలితే చాలు, మిగతా జగత్తంతా మిథ్యే, అందులో నేనూ ఉన్నాను. 2005 జనవరిలో తపాలాశాఖ వారు మన దేశపు కుక్కల మీద నాలుగు స్టాంపులు వేశారు: హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. దాయాది ముధోల్‌కు చోటు దక్కింది, మా కారవానీకి దక్కలేదు. సివంగికి ఆ దిగులు లేదు. నాకుంది.

వేటకుక్క అని నోటినిండా అంటున్నాను గానీ, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పటి నుంచీ దాని కులవృత్తి నేరం. పట్టుకోవడమే కాదు, తరమడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. కొలువు రద్దయింది, ఒంటికి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇప్పటివరకు సివంగి వేటాడినవి: మా ఆవిడ హవాయి చెప్పు (కుడికాలిది), ఎదురింటి మేడ మీద ఎండబెట్టిన అప్పడాలు, గాలికి పరుగెత్తిన ఒక ఎరువుల సంచి. మరి ఇలాంటి నిరుద్యోగికి రోజూ వేసే బెల్టు ఎలా ఉండాలి? ఈ ప్రశ్న నేను ఒక్కరినే అడిగాను. జవాబు ఊరంతా చెప్పింది.

మా బామ్మర్ది మేకుల బెల్టు తెచ్చాడు. చూడగానే నా ఒళ్లే జలదరించింది. హిమాలయాల్లో గొర్రెలకాపరులు తమ కుక్కలకు ఇనపముళ్ల పట్టీలు వేస్తారు, చిరుతపులి ముందు మెడే పట్టుకుంటుంది కాబట్టి. అది న్యాయం. ధర్మాబాద్ మిర్చియార్డు దగ్గర మా సివంగి మెడ పట్టుకునే పులి ఎవరు? ఆ మేకులు గుచ్చుకున్నది నా తొడకు, మా సోఫా రెగ్జీనుకు, ముద్దు చేయబోయిన మనవడి చేతికి. పైకి మేకు తల మిలమిల మెరుస్తుంది, లోపల దాని కొస సివంగి మెడను గీరుతుంది. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో వార్రో అనే రోమన్ పండితుడు వ్యవసాయం మీద రాస్తూ, కాపలాకుక్క పట్టీకి మేకులు కొట్టండి, కానీ ఇనుము మెడకు ఒరుసుకోకుండా లోపల మెత్తటి తోలు వేసి కుట్టండి అన్నాడు. రెండువేల ఏళ్లు దాటాయి బెల్టుగారూ. మీ వాళ్లకు మేకు గుర్తుంది, మెత్తతోలు గుర్తులేదు.

మీ వంశం చిన్నదని కాదు. 1899లో ఈజిప్టు రాజుల లోయలో మైహెర్‌ప్రి అనే పెద్దమనిషి సమాధి బయటపడితే, అందులో కుక్కల తోలు పట్టీలు దొరికాయి. సుమారు 3,400 ఏళ్ల నాటివి. ఒకదాని మీద కుక్క పేరు కూడా రాసి ఉంది. ఆ పేరుకు అర్థం ఇంచుమించు "ఊరిది" అని. ఎంత చక్కటి పేరు! మా వీధి కుక్కలన్నింటికీ సరిపోతుంది. బెల్టు అసలు పని ఏమిటో ఆ కాలం వాళ్లకే తెలుసన్నమాట: ఇది ఫలానా చోటిది, తెచ్చి అప్పగించండి అని చెప్పడం.

మాళేగావ్ జాతరలో మరో మోజు తగులుకుంది. మార్గశిరంలో లోహా తాలూకాలో జరిగే ఖండోబా జాతర ఇది. గుర్రాలూ గాడిదలూ కుక్కలూ అన్నీ వస్తాయి. మీరు ఖండోబా అనండి, మేం మల్లన్న అంటాం, స్వామి ఒక్కడే, పక్కన కుక్క ఉండాల్సిందే. అక్కడ గవ్వలు, అద్దాలు, మువ్వలు కుట్టిన పట్టీ చూసి మనసాగక కొన్నాను. సివంగి మెడలో వేస్తే పొలాల అమావాస్య నాటి కోడెదూడలా ఉంది. పొదల్లో దూరి వేటాడే కుక్కకు మువ్వ కట్టడంలో అర్థముంది, ఎక్కడుందో యజమానికి తెలుస్తుంది. కంటిచూపు మీద, గాలివేగం మీద బతికే జాగిలానికి మువ్వలు కట్టడమంటే దొంగకు డప్పు ఇచ్చి పంపడమే. రాత్రి అది చెవి గోక్కున్నప్పుడల్లా ఇంట్లో అందరం లేచాం. మూడోనాడు మా ఆవిడ ఆ పట్టీని దేవుడి గూట్లో పెట్టేసింది. అక్కడే బాగుంది.

ఇనప గొలుసే మేలన్నాడు మా మామ. మా ఎండ 43 డిగ్రీలు దాటితే ఆ గొలుసు మీద పాపడం కాల్చుకోవచ్చు. పైగా సివంగి బొచ్చు అరంగుళం కూడా ఉండదు, నాలుగు రోజుల్లో మెడ చుట్టూ నున్నటి గీత పడింది. హైదరాబాదులో ఉన్న అల్లుడు, కుక్క ఎక్కడుందో ఫోనులో చూపించే బెల్టు పంపుతానన్నాడు. వద్దన్నాను. అది ఎక్కడుందో నాకు తెలుసు బాబూ, మంచం మీద, నా చోట్లో.

చివరికి నా కళ్లు తెరిపించింది స్టేషన్ దగ్గర చెట్టుకింద కూర్చునే మోచీ కాకా. చెప్పులకు ముక్కు తాళ్లు వేసే మనిషి. మిమ్మల్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశాడు. ఒక దారం తీశాడు. చెవుల వెనక, మెడ పైభాగాన చుట్టి ముడి వేశాడు: 14 అంగుళాలు. అదే దారాన్ని తల చుట్టూ, వెడల్పైన చోట తిప్పాడు: పదమూడున్నర.

"గురూజీ, తల బీరకాయ, మెడ సొరకాయ. దీనికి బకిల్ బెల్టు ఆగుతదా? మీరు గణితం చెప్పిన్రు కదా!"

చెప్పాను. ముప్పై రెండేళ్లు చెప్పాను. చుట్టుకొలతల మీద ఎన్ని లెక్కలు వేయించానో! ఒక్కనాడూ దారం పట్టుకుని కుక్క తల కొలవలేదు. తలకన్నా మెడ లావుగా ఉండే జాతికి, రెండు వేళ్లు దూరేంత వదులుంచితే బెల్టు ఊడుతుంది, ఊడకుండా బిగిస్తే ఊపిరాడదు. ఈ చిక్కు మీ బకిల్‌లో లేదు, తలలో ఉంది. దాని తలలో కాదు, నా తలలో.

కాకా కుట్టిచ్చినది ఇలా ఉంది. రెండంగుళాల వెడల్పు పట్టీ, లోపల మెత్తటి గొర్రెతోలు (రోమ్ నుంచి ఆయనకు ఉత్తరం రాలేదు, చెప్పు లోపల వేసే తోలే ఇక్కడా వేశాడు). పట్టీ రెండు కొసలా రెండు ఇత్తడి రింగులు. ఆ రింగుల గుండా ఒక చిన్న తోలు ఉచ్చు. గొలుసు తగిలేది ఆ చిన్న ఉచ్చుకే. కుక్క మామూలుగా నడుస్తుంటే పెద్ద పట్టీ వదులుగా వేలాడుతుంది. వెనక్కి గుంజితే చిన్న ఉచ్చు రింగులను దగ్గరికి లాగుతుంది, పట్టీ మెడకు సరిగ్గా అతుక్కుంటుంది, అంతకుమించి బిగియదు. పూర్తిగా లాగి చూపించి, రింగుల మధ్య తన రెండు వేళ్లు పెట్టాడు. "ఈ సందు ఉండాలె. రింగులు ఒకదానికొకటి తాకినయంటే బెల్టు పెద్దదైనట్టే, మళ్ల తల బయటికొస్తది." దీన్ని మార్టింగేల్ అంటారట, పేరు గుర్రాల సామాను నుంచి వచ్చిందట. అది ఆయనకూ తెలియదు, నాకూ మా అల్లుడు చెబితే తెలిసింది. కాకా దీన్ని "వెనక్కి రానీయని పట్టా" అన్నాడు. నాకు అదే నచ్చింది.

అయితే దీన్నే ఇరవై నాలుగు గంటలూ ఉంచుదామంటే ఆయన ఒప్పుకోలేదు. గేటు చువ్వకో నవారు మంచానికో రింగు తగులుకుంటే, లాగితే బిగుసుకుని అలాగే ఉంటుంది, విడిపించేవాడు పక్కన ఉండాలి. రెండు కుక్కలు ఆడుకునేటప్పుడు ఒకదాని కోర ఇంకోదాని ఉచ్చులో ఇరుక్కుంటే రెండింటికీ గండమే. కాబట్టి ఇది గొలుసు పట్టుకుని తిరిగేటప్పుడు మాత్రమే. మిగతా వేళల్లో పలచటి నారింజ రంగు పట్టీ, వదులుగా, గొలుసు పెట్టే రింగే లేకుండా. కుక్క కంటికి నారింజ రంగు ఏదో మట్టి పసుపులా కనిపిస్తుందంటారు. కనిపించాల్సింది లారీ డ్రైవరుకు కాబట్టి సివంగి అభ్యంతరం చెప్పలేదు. అలా ఒక్క బెల్టు కొందామని బయల్దేరినవాణ్ని రెండు బెల్టులతో తేలాను. నా నడుముకు మాత్రం మేకుతో కన్నం పొడుచుకున్న పాతదే.

ఆ పలచటి పట్టీకి పేరు బిళ్ల కావాలి. వేలాడే బిళ్ల ముళ్లకంపకు తగులుకుంటుందని రేకును పట్టీ మీదే బిగించమన్నాను. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే దుకాణానికి వెళ్లాను. అతను మిషను చేతపట్టి అలవాటు కొద్దీ అడిగాడు: "ఎవరి తరఫున రాయాలి, ఏ శుభకార్యం?" సివంగి వంక చూశాక మళ్లీ ఏమీ అడగలేదు.

అసలు తగువు అప్పుడు మొదలైంది. ఏ లిపిలో? సివంగి ఇటు పరుగెత్తితే ఉమ్రి, దొరికినవాళ్లు మరాఠీ చదువుతారు. అటు పరుగెత్తితే బాసర, తెలుగు చదువుతారు. రెండూ రాస్తే రేకు చాలదు. సరే, ఫోన్ నంబరు ఒక్కటే కొట్టమన్నాను. అతను మరాఠీ అంకెల్లో మొదలుపెట్టబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. మరాఠీ ఒకటి బాసర వాళ్ల కంటికి తొమ్మిదిలా కనిపిస్తుంది. నా నంబరులో మూడు ఒకట్లున్నాయి. నా కుక్క దొరికిందని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్లు పోవడం నాకిష్టం లేదు. చివరికి తెలుగూ మరాఠీ రెండూ తప్పుకుని ఇంగ్లీషు అంకెలు గెలిచాయి. హద్దు మీద బతికేవాళ్లకు ఇది కొత్త కాదు.

తోలు బెల్టుకు మా ఇంట్లో ఒక పంచాంగం కూడా ఉంది. మాకు దగ్గర్లోనే గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ. సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఏటా జూలై 1న దాని గేట్లు ఎత్తుతారు, అక్టోబర్ 28 దాకా దించరు. మా తోలు బెల్టుకూ అదే తీర్పు. గేట్లు లేచిన రోజు ఆముదం పట్టించి అటక ఎక్కిస్తాను, లేకపోతే వానకు నాని బూజు పట్టి గట్టిపడుతుంది. గేట్లు దిగాక దించుతాను. ఆ నాలుగు నెలలూ అదే పోలికలో నీళ్లు పీల్చని ప్లాస్టిక్ పూత పట్టీ. ఉత్త నైలానుది తడిస్తే రెండు రోజులు ఆరదు, ఆ కంపుకు సివంగి సైతం ముక్కు తిప్పుకుంటుంది. ఏ కాలమైనా ఆదివారం పట్టీ విప్పి మెడంతా వేళ్లతో తడిమి చూడాల్సిందే. పిడుదులు ఇల్లు కట్టుకునేది పట్టీ కిందే.

ఇక తమరి సంగతి. పారేయబుద్ధి కాలేదు, డబ్బు పోసి కొన్నాను కదా. పక్కింటివాళ్ల మేకపోతుకు ఇచ్చాను. దానికి జానెడు కొమ్ములున్నాయి, ఎంత వెనక్కి గుంజినా మీరు వాటి దగ్గర ఆగుతారు. మీరు కోరుకున్న తల మీకు దొరికింది.

నిన్న పొద్దున అదే గట్టు మీద మీరు ఎదురయ్యారు. సివంగి మిమ్మల్ని గుర్తుపట్టలేదు. మేకపోతును మాత్రం చూసింది. రెండడుగులు వెనక్కి వేసి తల వంచింది. నేను గొలుసు చేతికి చుట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కుక్క పట్టీలోనే ఉంది, నా వంక ఎగాదిగా చూస్తోంది. రింగుల మధ్య కాకా చెప్పిన రెండు వేళ్ల సందు అలాగే ఉంది.

ఇట్లు,
గొలుసుకు ఈ కొసన ఉండే
గురూజీ