సాయంత్రం ఆరు గంటలవారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ సాయంత్రం ఆరు గంటలవారి సముఖానికి, గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఎలాగూ క్షేమమే. ఎవరూ వాడని వస్తువుకి అరుగుదల ఉండదు కదా.

తమ దర్శనం మాకు ఆహ్వాన పత్రికల్లోనే దొరుకుతుంది. వైజాగ్‌లో కచేరీ అయినా, నాటకమైనా, కూచిపూడి అయినా కార్డు నడిబొడ్డున తమరే ఉంటారు: "సరిగ్గా సాయంత్రం 6 గంటలకు". తమరి కింద అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. వీళ్లందరి కాళ్ల దగ్గర, చిన్న అక్షరాల్లో, పాడే ఆవిడ పేరు. మృదంగం వాయించేవారి పేరు కూడా వేశారంటే ఆ సంస్థవాళ్లు మంచివాళ్లని అర్థం.

మా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, ఆనుకుని ఉన్న పాతపట్నం తెలుగు జిల్లాల వైపే ఉండిపోయింది. మా ఊళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మేం మిగిలాం. మా ఊళ్లో రథయాత్ర ఘనంగా జరుగుతుంది, పండగలకీ పబ్బాలకీ లోటు లేదు. కానీ పెద్ద విద్వాంసుల వయొలిన్ ఎదురుగా కూర్చుని వినాలంటే మాత్రం పాతపట్నం, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా బస్సులో ఒళ్లు హూనం చేసుకోవాల్సిందే. లేదంటే గుణుపురం లైను రైలు ఉంది. 1900లో మా రాజావారు నౌపడా నుంచి ఊరిదాకా సొంత రైలు వేయించుకున్నారు. ఆయన కచేరీకి వెళ్తే మంగళం అయ్యేదాకా ఇంజను ఆపించి ఉండగలిగేవారు. మాకు ఆ సదుపాయం లేదు.

అందుకని మేం తమరిని నమ్ముతాం. అన్నం తిని బయల్దేరి, ఆరు కొట్టేసరికి హాల్లో ఉంటాం. అప్పటికి అక్కడ కుర్చీలు దులిపే కుర్రాడు, "హలో, చెక్, చెక్" అంటూ మైకుతో మాట్లాడుకునే ఆయన, మేము. తమరు మాత్రం ఉండరు. ముందు వరుసలో తెల్ల తువ్వాళ్లు కప్పిన సోఫాలు ఉంటాయి గానీ అవి అతిథులవి, వాళ్లు దారిలో ఉంటారు. అతిథులు దారిలో ఉండడం అనేది ఆ నగరంలో ఒక శాశ్వత స్థితి. ఏడు దాటాక స్థానికులు వస్తారు, స్నానం చేసి, టిఫిన్ చేసి, పౌడరు రాసుకుని. ఓసారి పక్క కుర్చీ పెద్దాయన మా చేతిసంచి చూసి జాలిపడ్డారు. "ఏటండీ, ఆరంటే ఆరుకే వచ్చేసారా? ఆరంటే ఏడున్నర కదండీ!" ఊరివాళ్లందరికీ తెలిసిన ఈ రహస్యం కార్డులో వెయ్యరు. తమరి మాట నమ్మినందుకు పడే జరిమానా మొత్తం దూరం నుంచి వచ్చేవాడి నెత్తినే.

తరవాత జ్యోతి ప్రజ్వలన. ఫ్యాన్లు ఆపమంటారు, అగ్గిపెట్టె వెతుకుతారు, కెమెరా అబ్బాయి సరిగ్గా రాలేదంటే వెలిగిన వత్తినే మళ్లీ వెలిగిస్తారు. తరవాత శాలువాలు. అధ్యక్షులకి ముఖ్య అతిథి కప్పుతారు, ముఖ్య అతిథికి అధ్యక్షులు కప్పుతారు, హాలు ఇప్పించినాయనకి ఇద్దరూ కలిసి కప్పుతారు. ఉక్కపోతలో అన్ని శాలువాలు ఎలా ఓర్చుకుంటారో గానీ, ఒక్కరూ వద్దనగా చూడలేదు. ముఖ్య అతిథి "రెండు మాటలు" మాట్లాడతానని మైకు అందుకుంటారు, తన చిన్నతనం నుంచి మొదలుపెడతారు. ఆయన పదో తరగతికి వచ్చేసరికి మేం గడియారం చూడడం మానేస్తాం, బీపీ పెరుగుతుందని. తెర వెనక వయొలినాయన శ్రుతి చేసుకున్న తీగలు ఈలోగా దిగిపోతాయి, మళ్లీ చేసుకుంటారు. చివరికి వ్యాఖ్యాత వచ్చి చల్లగా చెబుతారు, సమయాభావం వల్ల కళాకారులు తమ కార్యక్రమాన్ని కుదించుకోవాలని. కుదించాల్సింది ఎప్పుడూ కళాకారులే! రాగం తానం పల్లవిలో పల్లవి పోతుంది, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం ఇలా మొదలై అలా అయిపోతుంది. అంతలో మా బస్సు టైం. కాళ్లు తొక్కుకుంటూ, క్షమించండి క్షమించండి అంటూ బయటపడతాం. కచేరీ చివర మంగళం అని ఒకటి పాడతారని పుస్తకాల్లో చదివాం.

తమరి జాతే అంత అనడానికి లేదు. అదే నగరంలో మధురవాడ స్టేడియం ఉంది. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టింది అక్కడే. అక్కడ ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఏడున్నర అంటే, వాన పడితే తప్ప, ఏడున్నరకే బంతి పడుతుంది. ఏ మంత్రీ దారిలో ఉండి దాన్ని ఆపలేడు. ఎందుకంటే ఆ ఏడున్నర వెనక టీవీవాళ్ల డబ్బు కూర్చుని ఉంది. తమరి వెనక ఎవరున్నారు? చేతిసంచితో మేము.

ఇంకో చిత్రం చూడండి. 1906 జనవరి 1 నుంచి దేశానికంతటికీ ఒకే సమయం అన్న ఏర్పాటు మొదలైంది. దానికి లెక్క 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, అది పోయేది మన కాకినాడ దగ్గరి నుంచే. అంటే ఢిల్లీవాడు, ముంబైవాడు గడియారం దిద్దుకునేది మన కోస్తా సూర్యుణ్ణి బట్టి. మేం ఇంకా తూర్పున ఉన్నాం గనక మా ఊళ్లో పొద్దు వైజాగ్ కంటే ఓ మూడు నిమిషాలు ముందే వాలుతుంది. ఆ మూడు నిమిషాలు తమరికి మాఫీ చేస్తున్నాం. మిగతా గంటన్నర సంగతి చెప్పండి.

పాత నాటకాలవాళ్లు తమరిని అసలు పిలిచేవారే కాదు. భోజనాలయ్యాక తెర లేచేది, పద్యానికి వన్స్ మోర్ పడేది, తెల్లారేదాకా సాగేది. పక్కన గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఇప్పటికీ రాత్రంతా ఆడతారు. పదకొండుకి మొదలైనా ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే అయ్యేసరికి మొదటి బస్సు వచ్చేస్తుంది. పొలిమేర ఊళ్లవాళ్ల బాధ తెలిసిన ఏర్పాటు అది. ఇప్పటి హాళ్లు మొదలవడంలో పాత నాటకాన్ని, మూసెయ్యడంలో బ్యాంకుని అనుసరిస్తున్నాయి. పదింటికి వాచ్‌మన్ లైట్లు ఆర్పుతాడు. ఆ ఆవరణలో టైం పాటించే ఏకైక కళాకారుడు ఆయనే, శాలువా కప్పాల్సింది ఆయనకి.

తమరిని రాజీనామా చెయ్యమనడం లేదు. శాలువాలకీ సోఫాలకీ తమరే ఉండండి, పాటకి మాత్రం "ఏడున్నర" అని వేరే వేయించండి. రెండూ ఒకే కార్డులో పడతాయి, ఆత్మీయ అతిథుల్లో ఒకరు తగ్గితే.

ఇప్పుడే వాట్సాప్‌లో వచ్చే నెల కార్డు వచ్చింది. ఈసారి తమరు కాదు, తమరి తమ్ముడుగారు, సాయంత్రం అయిదున్నరవారు వేంచేస్తున్నారట. ఆయనతో ఓ మాట చెప్పండి: మొత్తం శాలువాలెన్నో ముందుగా మాకు తెలియజెయ్యమనండి. ఏ బస్సుకి టికెట్ తీసుకోవాలో మేం లెక్క కట్టుకుంటాం.

ఇట్లు,
తలుపు పక్క కుర్చీ కోసం తొందరగా వచ్చే
పర్లాకిమిడి ప్రేక్షకుడు