కాగితం మీది టీఎంసీలతో దాహం తీరదు

అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు లాంగ్ వీకెండ్‌కి లాస్ వేగాస్ వెళ్లి, హూవర్ డ్యామ్ దగ్గర దిగిన ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ వాడి కొత్త కళ్లద్దాల గురించి మాట్లాడుతుంటే నేను వెనకాల కొండలనే చూస్తూ ఉండిపోయాను. నీటికి పైన, కొండ పొడవునా సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ. ఎంత ఎత్తుంటుందిరా అని అడిగితే "పెద్ద అపార్ట్‌మెంట్ అంత ఉంది మామయ్యా" అన్నాడు. ఒకప్పుడు నీళ్లు ఆ పట్టీ పై అంచు దాకా ఉండేవి. అవి దిగిపోయాక రాతికి పట్టిన ఖనిజాల పొర మిగిలింది.

ఆ జలాశయం పేరు లేక్ మీడ్. కొలరాడో నది మీద 1930ల్లో కట్టిన హూవర్ డ్యామ్ వెనక నిలిచిన నీరు అది. నిండితే వెయ్యి టీఎంసీలు దాటుతుంది. మన శ్రీశైలం, నాగార్జునసాగర్ ఇప్పటి సామర్థ్యాలు రెండూ కలిపినా అందులో సగానికి అటూ ఇటూగా వస్తాయి. 2000 మొదట్లో దాదాపు నిండుగా ఉన్న ఆ జలాశయం 2022 జులై నాటికి 170 అడుగులకు పైగా దిగిపోయింది. ఎప్పుడో మునిగిపోయిన సెయింట్ థామస్ అనే ఊరి పునాదులు బయటపడ్డాయి. 2021 ఆగస్టులోనే అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆ నదిపై మొట్టమొదటిసారి నీటి కొరత ప్రకటించింది. 2023లో మంచు బాగా పడి మట్టం కొంత పెరిగింది గానీ పాత రోజులు తిరిగి రాలేదు.

ఎడారి కదా, నీళ్లు లేకపోవడంలో వింతేముంది అనుకోవడం తేలిక. లాస్ వేగాస్‌లో ఏడాదికి పడే వాన వంద మిల్లీమీటర్లకు అటూ ఇటూ. విశాఖలో వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ అక్కడ కుళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లు వస్తాయి. విశాఖలో మా వీధికి రోజుకో గంట వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ కోసం వాచ్‌మన్ ఫోన్ పట్టుకుని తిరుగుతుంటాడు. వాన లెక్క ఒక్కటే చూస్తే ఈ రెండు ఊళ్ల సంగతి అర్థం కాదు. ఎడారి మొదటి నుంచీ ఎడారే. అక్కడ తప్పింది నీళ్లు పంచిన లెక్క.

1922లో ఏడు రాష్ట్రాల ప్రతినిధులు శాంటా ఫే దగ్గర కూర్చుని, అప్పటి అమెరికా వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ అధ్యక్షతన కొలరాడో నీటిని పంచుకున్నారు. మన కొలతల్లో చెప్పాలంటే ఎగువ రాష్ట్రాలకు 325 టీఎంసీలు, దిగువ రాష్ట్రాలకు మరో 325. 1944 ఒప్పందంతో మెక్సికోకి ఇంకో 65. మొత్తం 700 దాటింది. వాళ్లు చూసిన ప్రవాహాల లెక్కలు బాగా వానలు పడిన, మంచు కురిసిన సంవత్సరాలవి. నదిలో అంత నీరు ఉండదని ఇ.సి. లారూ అనే ప్రభుత్వ జలశాస్త్రవేత్త హెచ్చరించినా పట్టించుకోలేదు. ఆ నది ఒడ్డున తరతరాలుగా బతుకుతున్న మూలవాసి తెగలను చర్చలకు పిలవనే లేదు. ఈ శతాబ్దంలో నదిలో సగటున పారుతున్నది 540 టీఎంసీల చుట్టుపక్కలే. వేడి పెరిగేకొద్దీ రాకీ పర్వతాల మంచు కరిగి నదికి చేరేలోపే కొంత నేలలో ఇంకిపోతోంది, కొంత ఆవిరైపోతోంది. 700 ఇస్తామని రాసిచ్చి 540 వస్తుంటే ఆ తేడా ఎక్కడి నుంచి తెచ్చారు? లేక్ మీడ్ నుంచీ, దానికి ఎగువన ఉన్న లేక్ పావెల్ నుంచీ తోడారు. కొండ మీది తెల్ల పట్టీ ఆ అప్పు గుర్తు.

కృష్ణా జలాల గొడవలు చూస్తూ పెరిగిన మనకు ఈ లెక్క కొత్త కాదు. బచావత్ ట్రైబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలు పరిశీలించి, నాలుగేళ్లలో మూడేళ్లు నమ్మకంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చి పంచింది. అంటే నాలుగో ఏడు తక్కువ రావచ్చని ముందే ఒప్పుకున్న లెక్క. మనకు ఎన్ని అసంతృప్తులున్నా, ఆ పాటి జాగ్రత్త కొలరాడో ఒప్పందంలో లేదు.

కొరత ప్రకటించాక 2022లో ఎక్కువ కోత పడింది ఆరిజోనాకి. దాని వాటాలో ఐదో వంతుకు కాస్త తక్కువ పోయింది. ఫీనిక్స్, టూసాన్ నగరాలకు 540 కిలోమీటర్ల కాలువ ద్వారా నీళ్లు తెచ్చే పథకానికి 1968 చట్టంలోనే ఒక షరతు ఉంది: నీళ్లు చాలకపోతే కాలిఫోర్నియా తరువాతే మీరు. ఆ కాలువలో కూడా చివరి వరస రైతులది. పినాల్ కౌంటీలో పత్తి, మేత గడ్డి పండించే రైతులకు కాలువ నీళ్లు దాదాపు ఆగిపోయాయి. పొలాలు బీడు పెట్టిన వాళ్లున్నారు, మళ్లీ బోర్ల వైపు మళ్లిన వాళ్లున్నారు. ఇక్కడ కాలువ శివారు రైతు పడే టెన్షనే అక్కడా.

ఇప్పుడు విశాఖ సంగతి. ఈ ఊరి పేట పేర్లలోనే నీళ్లున్నాయి. సింహాచలం కొండ ధారల్లో ఒకటి మాధవధార అయింది. కొండల నడుమ లోయను లోవ అంటాం, అలా ముడసర్లోవ. వాగుని గెడ్డ అంటాం, అలా మేఘాద్రిగెడ్డ. ముడసర్లోవ చిన్న ఊరికి నీళ్లిచ్చిన పాత జలాశయం. ఊరు పెరిగేకొద్దీ గోస్తని ఊట బావులు, తరువాత తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ. అవీ చాలక ఏలేరు నుంచి నూట యాభై కిలోమీటర్ల కాలువ. ఏలేరులో నీళ్లు తగ్గితే గోదావరి నుంచి తోడి ఆ కాలువలో పోస్తారు. ప్రతి తరం ఇంకాస్త దూరం వెళ్లి నీళ్లు తెచ్చుకుంది, దగ్గరున్న గెడ్డని మురికికి వదిలేసింది. మేఘాద్రిగెడ్డ పూర్తి మట్టం 61 అడుగులని పేపరు చదివే ప్రతి విశాఖవాసికీ తెలుసు. కానీ దాని చుట్టూ పెందుర్తి వైపు పెరిగిన కాలనీల మురుగు ఎటు పోతోందని అడిగేవాళ్లు తక్కువ.

దూరం నుంచి వచ్చే నీళ్లకు కరెంటు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, ఊళ్లో ఎక్కడ చూసినా నీళ్లే, కుళాయిలో మాత్రం చుక్క లేదు. బిందెలతో ట్యాంకర్ దగ్గర నిలబడ్డ ఆ రోజులు నేను మరిచిపోలేదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇది. కొలరాడో నుంచి నెవాడా రాష్ట్రానికి ఉన్న మొత్తం హక్కు ఏడాదికి 13 టీఎంసీలు. ఆ రాష్ట్రంలోని లాస్ వేగాస్ లోయలో ఇరవై లక్షలకు పైగా జనం, ఏటా వచ్చే కోట్లాది పర్యాటకులు ప్రధానంగా దాని మీదే బతుకుతున్నారు. విశాఖ జనాభా కూడా ఇరవై లక్షల లెక్కే. పోలవరం ఎడమ కాలువ నుంచి విశాఖ తాగునీటికి, పరిశ్రమలకు కాగితం మీద కేటాయించింది 23.44 టీఎంసీలు. మనకు స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, ఫార్మా కంపెనీలు ఉన్నాయి, నిజమే. అయినా 13 టీఎంసీల హక్కులో కూడా కొంత మిగుల్చుకుంటున్న ఎడారి ఊరిని చూసి, 23 వస్తాయిలే అని ధీమాగా కూర్చున్న మనం కాస్త ఆలోచించాలి.

వాళ్లు ఎలా మిగిలిస్తున్నారు? ఇళ్లలో, హోటళ్లలో డ్రైనేజీలోకి పోయిన నీటిని దాదాపు మొత్తం శుద్ధి చేసి, లాస్ వేగాస్ వాష్ అనే వాగు గుండా తిరిగి లేక్ మీడ్‌లోకే పంపుతారు. వాష్ అంటే మన గెడ్డ లాంటిదే. వెనక్కి పంపినంత నీరు మళ్లీ తోడుకునే హక్కు వాళ్లకుంది. కాబట్టి స్నానానికి, గిన్నెలు కడగడానికి వాడిన నీరు లెక్కలో పోయినట్టు కాదు. పోయేదల్లా ఆరుబయట చల్లిన నీరు. అందుకే పచ్చిక మీద పడ్డారు. పచ్చిక తీసేసిన ఇంటివాళ్లకు డబ్బులిచ్చారు. రోడ్ల మధ్య, ఆఫీసుల ముందు అలంకారం కోసం పెంచే గడ్డికి 2026 తరువాత కొలరాడో నీళ్లు వాడకూడదని 2021లో చట్టం చేశారు. 2002తో పోలిస్తే అక్కడ జనాభా ఏడు లక్షలకు పైగా పెరిగినా, నది నుంచి వాడకం మూడో వంతుకు పైగా తగ్గింది.

దీన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టలేం, ఆ మాట కూడా చెప్పాలి. లాస్ వేగాస్ వాలు జలాశయం వైపు, మన వాలు సముద్రం వైపు. మన ఇళ్ల నుంచి పోయిన నీళ్లు, శుద్ధి అయినవీ కానివీ, చాలా వరకు గెడ్డల దారిన బంగాళాఖాతంలో కలుస్తాయి. తిరిగి మేఘాద్రికి ఎక్కించాలంటే ఖర్చు. కానీ ఎక్కించనక్కర్లేదు. ఆ నీటిని సముద్రం ఒడ్డునే ఉన్న పరిశ్రమలకు ఇస్తే, వాటి కోసం ఏలేరు నుంచి వస్తున్న మంచినీళ్లు ఊరికి మిగులుతాయి. ఇలాంటి పనులు ఇక్కడా మొదలయ్యాయి గానీ, కొత్త పరిశ్రమ రాగానే మొదట వచ్చే మాట ఇప్పటికీ "ఏ రిజర్వాయర్ నుంచి ఇద్దాం?" అనే.

ఇంకో మాట. ఒక్క లాస్ వేగాస్ పొదుపుతో లేక్ మీడ్ నిండదు. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ రైతాంగానికి ఉన్న వాటా 130 టీఎంసీలకు పైనే, నెవాడా మొత్తానికి పదింతలు. కొలరాడో నీటిలో అధిక భాగం పంటలకే, అందులోనూ పశువుల మేతకే పోతుంది. అక్కడ పోరు నగరాల కన్నా పొలాల చుట్టూ జరుగుతోంది. మన దగ్గర కథ తిరగబడింది. పొలానికి కట్టిన చెరువు నుంచి నగరం తాగుతోంది. రైవాడ నీళ్లు విశాఖకు ఆపి తమ కాలువలకు వదలాలని దేవరాపల్లి, చోడవరం వైపు రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. నేను తాగే గ్లాసులో వాళ్ల వరి మడి నీళ్లున్నాయి. ఆ అడగడంలో తప్పు నాకెక్కడా కనిపించదు.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ ప్రకటించింది. మా అపార్ట్‌మెంట్‌లో కూడా పండగ వాతావరణం. పిల్లలకు ఉద్యోగాలొస్తాయన్న ఆశ నాకూ ఉంది. కంప్యూటర్లను చల్లబరచడానికి నీటిని ఆవిరి చేసే పద్ధతి వాడితే ఆ నీరు తిరిగి రాదు. గాలితోనో, మూసిన గొట్టాల్లో తిరిగే ద్రవంతోనో చల్లబరిస్తే నీళ్లు చాలా తక్కువ పడతాయి, కరెంటు ఎక్కువ పడుతుంది. ఏది ఎంచుకోవాలన్నది మనం ముందే అడగాల్సిన విషయం. లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో 2023 నుంచి కొత్త వాణిజ్య భవనాలకు ఆవిరి కూలింగ్ ఆపేశారు. పెట్టుబడులు పోతాయని వాళ్లు భయపడి ఊరుకోలేదు.

కొలరాడో జలాశయాల నిర్వహణకు 2007లో రాసుకున్న నియమాల గడువు 2026తో ముగుస్తోంది. ఎవరి వాటా ఎంత కోయాలో తేలక ఏడు రాష్ట్రాలు తగవులాడుకుంటున్నాయి. నూరేళ్ల కిందట లేని నీళ్లు రాసిచ్చిన ఫలితం అది. విశాఖలో ఆ రాతలు ఇప్పుడే జరుగుతున్నాయి. ఏ కంపెనీకి నీళ్లిచ్చినా మూడు సంగతులు తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి: ఏ జలాశయం నుంచి, ఏడాదికి ఎంత, వానలు పడని ఏడు ముందు ఎవరికి ఆపుతారు. మూడోది దేవరాపల్లి రైతుకి సంతకాలు కాకముందే చెప్పాలి.