సవరణ: అటవీ విస్తీర్ణం లెక్కపై

రాష్ట్రంలో అటవీ విస్తీర్ణం పెరిగిందంటే సహజారణ్యం పెరిగినట్టేనన్న అర్థం వచ్చేలా గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని కింది వివరణతో కలిపి చదవగలరు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 1987 నుంచి వెలువరిస్తున్న నివేదికల్లో, హెక్టారుకు తగ్గకుండా ఉండి, కనీసం 10 శాతం నేలపై చెట్ల కొమ్మలు కమ్ముకున్న ప్రతి జాగానూ, అది ఎవరి పట్టా అయినా సరే, అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తుంది. ఆ కొలతకు సరిపోతే నూజివీడు మామిడి తోటా, కోనసీమ కొబ్బరి తోటా, కాగితపు మిల్లు కోసం పెంచిన జామాయిలూ అందులో చేరతాయి. అటవీ శాఖ దస్త్రాల్లోని రిజర్వు అడవి వేరే లెక్క. చెట్టన్నదే లేని గుట్టలు కూడా అందులో ఉండవచ్చు. కొండల మీద అడవి నరికినా మైదానంలో తోటలు అంతకు మించి పెరిగితే మొత్తం అంకె పెరిగినట్టే కనిపిస్తుంది కాబట్టి, 70 శాతానికి పైబడి నేలపై కొమ్మలు కమ్ముకున్న అతి దట్టమైన అడవి ఎంత మిగిలిందో చూపే పట్టికే, మా దృష్టిలో, ముందు చూడవలసినది.