బ్యాక్టీరియాను ఏడిపిస్తే ఎంజైమ్ రాదు

బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచి గుంటూరు చుట్టాల గ్రూపుల దాకా ఈమధ్య ఒకటే ఫార్వర్డు. సబ్బు పొడిలో ఎంజైమ్ అంటే బతికున్న బ్యాక్టీరియానేనట. ఫ్యాక్టరీలో దాన్ని ఆకలితో మాడ్చి, వేడి పెట్టి హింసిస్తారట. ఆ స్ట్రెస్‌కి అది కక్కే విషమే ఎంజైమట. ఎంత హింసిస్తే అంత దిగుబడి, మరిగే నీళ్లు పోస్తే ఇంకా విజృంభిస్తుందట.

విషం సంగతి తేలిగ్గా తేలిపోతుంది. ఈ ఎంజైమ్‌లు ఎక్కువగా బాసిల్లస్ జాతి నుంచి వస్తాయి. మట్టిలో బతికే ఈ జీవికి పొట్ట లేదు. చుట్టూ ఉన్న ప్రోటీన్‌నీ పిండినీ ఎంజైమ్‌తో బయటే ముక్కలు చేసి లోపలికి తీసుకుంటుంది. పిండిని ముక్కలు చేసే ఎంజైమ్ అమైలేజ్ మన లాలాజలంలోనూ ఉంది. దాన్నెవరూ విషమనరు.

హింస దగ్గరే ఉంది అసలు తిరకాసు. ఇందులో కాస్త నిజం కలిసింది కాబట్టే జనం నమ్ముతున్నారు. తిండి తగ్గేసరికి బాసిల్లస్ సబ్టిలిస్ అనే రకం, ప్రోటీన్‌ను ముక్కలు చేసే ప్రోటియేజ్ ఎంజైమ్‌ను ఎక్కువగా వదిలే మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని ఎంత హింసిస్తే అంత దిగుబడి అనడం తలకిందుల లెక్క. ఎంజైమ్ ప్రోటీన్ కణం పొరను దాటేటప్పుడు మడత పడకుండా, పొడవాటి గొలుసుగా వెళ్తుంది. పొరకూ కణ గోడకూ మధ్య, పీఆర్‌ఎస్‌ఏ అనే ప్రోటీన్ సాయంతో సరిగ్గా మడత పడితేనే పనికొస్తుంది. ఎంజైమ్ తయారీ మోతాదు మించితే సరిగా మడత పడనివి అక్కడ పోగవుతాయి. సీఎస్‌ఎస్‌ఎస్ అనే సెన్సర్ అది పసిగట్టి లోపలికి కబురు పంపుతుంది. హెచ్‌టీఆర్‌ఏ, హెచ్‌టీఆర్‌బీ అనే ప్రోటియేజ్‌లు దిగి వాటిని నరికేస్తాయి. అంటే స్ట్రెస్ పెరిగితే చేతికొచ్చే సరుకు తగ్గుతుంది! ఆకలి మరీ ముదిరితే బ్యాక్టీరియా స్పోరు (గట్టి పెంకులో నిద్రపోయే రూపం) కట్టి పనే మానేస్తుంది. అందుకే స్పోరు కట్టే శక్తి తీసేసిన రకాలను తరచూ వాడతారు. ఇక వేడి పెట్టడం మాట: ట్యాంకులో బ్యాక్టీరియా పెరుగుతుంటేనే వేడి పుడుతుంది, చల్లబరచడానికే తంటాలు పడతారు. గ్లూకోజ్‌ను కొలిచి కొద్దికొద్దిగా వదిలేది కూడా మాడ్చడానికి కాదు. ఒక్కసారే పోస్తే ఎసిటేట్ అనే వ్యర్థం పేరుకుంటుంది, ఆక్సిజన్ చాలదు. ఇది హింసైతే బాలింతకు పెట్టే పత్యమూ హింసే.

బతికున్న బ్యాక్టీరియా కూడా పొడిలోకి రాదు. ఎంజైమ్ బయటి ద్రవంలోనే ఉంటుంది కాబట్టి కణాల్ని గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌తో, వడపోతతో తీసేస్తారు. ఆ ద్రవాన్ని చిక్కబరిచి గుళికలు చేసి, పైన పూత వేస్తారు. (కావాలనే బ్యాక్టీరియా కలిపిన క్లీనర్లు ఉన్నాయి, అవి వేరే సరుకు.) ఫార్వర్డు రాసినాయనకి నిజంగా భయపెట్టాలని ఉంటే ఈ పూత దగ్గర ఆగాల్సింది. 1960ల చివర్లో ఎంజైమ్ దుమ్ము పీల్చి బ్రిటన్‌లో సబ్బు పొడి ఫ్యాక్టరీ కార్మికులకు ఉబ్బసం వచ్చింది. అది అలెర్జీ. దుమ్ము లేవకుండా గుళికలు, పూతలు వచ్చింది ఆ తర్వాతే.

మరిగే నీళ్లంటారా, మంగళగిరి మగ్గాల మీద పడుగుకు పెట్టే గంజి లాంటిదాన్ని మిల్లుల్లో వదిలించే కొన్ని అమైలేజ్‌లు ఆ వేడికి తట్టుకుంటాయి గానీ, సబ్బు పొడిలోని ప్రోటియేజ్ చచ్చుబడుతుంది. మే నెలలో బెజవాడ మేడ మీద ట్యాంకు నీళ్లు చాలు, పప్పు మరకలో ప్రోటీన్, పిండి వదులుతాయి. పసుపు రంగు మాత్రం ప్రోటీనూ కాదు, పిండీ కాదు. దానికి ఈ ఎంజైమ్‌లు పనికిరావు, ఎండలో ఆరేయండి.